గాజువాక షాపుకి డీఏనా, ఎల్‌పీజీనా? కటింగ్ గ్యాస్ ఎలా తేల్చుకోవాలి

నమస్తే అండి. మీ ప్రశ్న పూర్తిగా చదివాను. ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు, ఇద్దరు కట్టర్లు, ఒక్క డీఏ (డిజాల్వ్‌డ్ అసిటిలిన్) సిలిండర్ నుంచి వై కనెక్షన్ వేసి రెండు టార్చులు. పని ఎక్కువగా 8 నుంచి 25 ఎం.ఎం. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఉక్కు) ప్లేటు. మధ్యలో ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల రిపేరు. డీఏ బిల్లు ఎక్కువవుతోందని ఎల్‌పీజీకి మారదామనుకుంటే మీ మేస్త్రి "ఆ మంటకి వేడి చాలదు, కోత రాదు" అంటున్నాడు. పక్క షాపాయన మాత్రం ఖర్చు బాగా తగ్గిందని చెబుతున్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరూ సిలిండర్‌నీ మంటనీ చూసి మాట్లాడుతున్నారు. లెక్క మొదలుపెట్టాల్సింది ఆక్సిజన్ దగ్గర. సింధియా వైపు ఓడల రిపేరులోనూ, తర్వాత ఫ్యాబ్రికేషన్ యార్డుల్లోనూ రెండు గ్యాసులతోనూ పని చేయించాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కోత ఎలా పడుతుందో చూద్దాం. టార్చ్ మంట ఉక్కుని కరిగించి కోయదు. మంట పని ఒక చోటుని సుమారు 900 డిగ్రీల దాకా, అంటే చెర్రీ ఎరుపు దాటి నారింజ వైపు వెళ్లేదాకా కాల్చడం. అప్పుడు లీవర్ నొక్కితే నాజిల్ మధ్య రంధ్రంలోంచి వచ్చే ఆక్సిజన్ తగిలి ఇనుము కాలిపోతుంది. ఇనుము కాలి ఆక్సైడ్ అవుతుంది. అది ఉక్కు కంటే తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి ఆ ఒత్తిడికి కిందకి కొట్టుకుపోతుంది. కోత నడుస్తున్నంతసేపూ ఎక్కువ వేడి ఆ కాలే ఇనుము నుంచే వస్తుంది. ఫ్యూయల్ గ్యాస్ (మంటకి వాడే డీఏ లేదా ఎల్‌పీజీ) పని కోత మొదలుపెట్టడం, పైన అంచుని వేడిగా ఉంచడం. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని ఏ గ్యాస్‌తోనూ ఇలా కోయలేకపోవడానికి కారణం కూడా ఇదే. క్రోమియం ఆక్సైడ్ కరగకుండా పైన పొరలా అడ్డం కూర్చుంటుంది. ఎస్‌ఎస్ పని వస్తే ప్లాస్మా లాంటి వేరే పద్ధతి చూసుకోవాలి, గ్యాస్ మార్చి లాభం లేదు.

అందుకే ఒకసారి కోత అందుకున్నాక డీఏ అయినా ఎల్‌పీజీ అయినా వేగంలో పెద్ద తేడా కనపడదు. వేగాన్ని నిర్ణయించేది ఆక్సిజన్ ఒత్తిడి, నాజిల్ సైజు, ఆక్సిజన్ శుద్ధత. 99.5 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ ఒక్క శాతం పడిపోతే వేగం దాదాపు పాతిక శాతం తగ్గుతుంది. కోత పాడైతే మనవాళ్లు ముందు ఫ్యూయల్ గ్యాస్‌ని తిడతారు గానీ చాలాసార్లు తేడా ఆక్సిజన్‌లోనో, మూతి అరిగిన నాజిల్‌లోనో ఉంటుంది.

ఇక మేస్త్రి చెప్పిన వేడి సంగతి. ఆక్సిజన్‌తో కలిసి మండితే అసిటిలిన్ మంట సుమారు 3,150 డిగ్రీలు, ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్ మంట సుమారు 2,800 డిగ్రీలు. తేడా ఉన్న మాట నిజమే. కానీ ఆ వేడి మంటలో ఎక్కడ ఉందన్నది ఇంకా ముఖ్యం. అసిటిలిన్‌లో నాజిల్ మూతి దగ్గర తెల్లగా మెరిసే లోపలి కోన్‌లోనే చాలా వేడి పోగై ఉంటుంది. ఘనపు మీటరుకి దాదాపు 19 మెగాజౌల్స్ అక్కడే విడుదలవుతాయి. ప్రొపేన్‌లో లోపలి కోన్ వాటా దాంట్లో సగమే. మిగతా వేడంతా బయటి వెడల్పాటి మంటలో ఉంటుంది. మొత్తం వేడి తీసుకుంటే ప్రొపేన్‌ది అసిటిలిన్ కంటే ఎక్కువ, ఘనపు మీటరుకి 55కి బదులు 90 పైనే. అసిటిలిన్ది తాటాకు మంట, చటుక్కున అంటుకుని ఒక్కచోట కాలుస్తుంది. ఎల్‌పీజీ వెడల్పుగా, నిదానంగా ప్లేటుని వేడెక్కిస్తుంది.

దీని ఫలితం పనిలో ఇలా కనిపిస్తుంది. 12 ఎం.ఎం. ప్లేటు మధ్యలో బోల్టు రంధ్రం కొట్టాలంటే డీఏతో కొన్ని సెకన్లలో ఆ చుక్క ఎర్రబడుతుంది. ఎల్‌పీజీతో కట్టర్ కాసేపు ఆగాలి. ఒక బేస్ ప్లేటుకి నాలుగు రంధ్రాలుండి, రోజుకి అలాంటివి డజన్ల కొద్దీ ఉంటే ఆ ఆగడమంతా కూలీ, ఆక్సిజన్ రూపంలో బిల్లుకెక్కుతుంది. అదే ఆరు మీటర్ల ప్లేటుని పగ్ మెషిన్ (పట్టా మీద టార్చ్‌ని తనే నడిపే కోత యంత్రం) మీద అంచు నుంచి అంచుకి కోస్తుంటే మొదలుపెట్టేది ఒక్కసారే, ఆ తేడా లెక్కలోకే రాదు. కాబట్టి మీరు ముందు చూసుకోవాల్సింది ఇది: మీ షాపులో రోజుకి ఎన్ని మీటర్లు కోస్తున్నారు, ఎన్నిసార్లు కొత్తగా కోత మొదలుపెడుతున్నారు? మీటర్లు ఎక్కువైతే ఎల్‌పీజీ, మొదళ్లు ఎక్కువైతే డీఏ వైపు మొగ్గు.

ఇప్పుడు ఖర్చు. డీఏ ఎందుకు ఖరీదంటే అది కాల్షియం కార్బైడ్ నుంచి వస్తుంది. సున్నం, కోక్ కలిపి కరెంటు కొలిమిలో కాల్చి కార్బైడ్ చేయాలి, దానికి కరెంటు విపరీతంగా పడుతుంది. పైగా అసిటిలిన్‌ని ఖాళీ సిలిండర్‌లో కుక్కలేరు, దానంతటదే పేలిపోతుంది. లోపలంతా సన్నటి రంధ్రాల గట్టి పదార్థం నింపి, దానికి అసిటోన్ పట్టించి, ఆ అసిటోన్‌లో గ్యాస్‌ని కరిగిస్తారు. డిజాల్వ్‌డ్ అసిటిలిన్ అన్న పేరు అందుకే. ఎల్‌పీజీకి ఆ బాధ లేదు, ఒత్తిడికి ద్రవమైపోతుంది. మన ఊళ్లో సరఫరాకీ ఢోకా లేదు. మల్కాపురంలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉంది, డాల్ఫిన్స్ నోస్ దగ్గర కొండ రాతిలో తొలిచిన 60,000 టన్నుల ఎల్‌పీజీ కేవర్న్ ఉంది.

అయితే "డీఏ బదులు ఎల్‌పీజీ పెడితే ఆ తేడా అంతా మిగులే" అనుకుంటే లెక్క తప్పుతుంది. టార్చ్ మంటకి ఒక వంతు అసిటిలిన్‌కి దాదాపు ఒక వంతు, కొంచెం పైన, ఆక్సిజన్ చాలు. ఒక వంతు ప్రొపేన్‌కి దాదాపు నాలుగు వంతులు కావాలి. అంటే ప్రీహీట్ (ప్లేటుని వేడెక్కించే మంట) ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. 25 ఎం.ఎం. ప్లేటుకి వాడే 1/16 నాజిల్‌ని ఉదాహరణగా తీసుకుందాం. కోసే ఆక్సిజన్ రెండింటిలోనూ ఒకటే, గంటకి నాలుగు ఘనపు మీటర్ల దాకా. ప్రీహీట్‌కి డీఏతో సుమారు అర ఘనపు మీటరు అసిటిలిన్, అంతే ఆక్సిజన్ పోతాయి. ఎల్‌పీజీతో 0.4 ఘనపు మీటర్ల గ్యాస్, ఒకటిన్నర పైన ఆక్సిజన్ పోతాయి. అంటే మంట వెలిగిన ప్రతి గంటకీ ఒక ఘనపు మీటరు ఆక్సిజన్ అదనం. మనం వాడే పెద్ద ఆక్సిజన్ సిలిండర్‌లో 150 కేజీల ఒత్తిడి దగ్గర సుమారు ఏడు ఘనపు మీటర్లుంటాయి. కాబట్టి ఏడు గంటల మంటకి ఒక ఆక్సిజన్ సిలిండర్ ఎక్కువ పడుతుంది. అదే ఏడు గంటల్లో మీకు మిగిలేది మూడున్నర ఘనపు మీటర్ల అసిటిలిన్, అంటే డీఏ సిలిండర్‌లో సగానికి పైనే. ఖర్చయ్యే ఎల్‌పీజీ సుమారు ఆరు కేజీలు.

ఇప్పుడు మీ సప్లయర్ ఇచ్చే రేట్లు అందులో వేయండి. ఒక పక్క సగం డీఏ సిలిండర్ ధర, ఇంకో పక్క ఒక ఆక్సిజన్ సిలిండర్ ధర, ఆరు కేజీల ఎల్‌పీజీ ధర. ఆక్సిజన్ చవగ్గా దొరికే షాపుకి ఎల్‌పీజీ లాభమే. ఎక్కడో దూరం సైటుకి ఆక్సిజన్ సిలిండర్లు లారీ కిరాయి ఇచ్చి మోసుకెళ్లాల్సి వస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. పక్క షాపాయనకి తగ్గిన ఖర్చు మీకూ అంతే తగ్గుతుందని లేదు, ఆయన పనిలో పొడుగు కోతలు ఎక్కువేమో కనుక్కోండి.

మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పుట్టించిన మాట ఖర్చు గురించి కాదు. ఒక్క డీఏ సిలిండర్ మీద రెండు టార్చులు. డీఏ సిలిండర్ నుంచి గంటకి అందులో ఉన్న గ్యాస్‌లో ఏడో వంతు కంటే ఎక్కువ లాగకూడదు. రోజంతా ఆపకుండా లాగేట్టయితే ఇంకా తక్కువ. ఆరు ఘనపు మీటర్ల సిలిండర్‌కి ఏడో వంతు అంటే 0.85. మీ రెండు టార్చులూ కలిసి మందపు ప్లేటు కోస్తే ఒకటి దాటుతుంది, సిలిండర్ సగం ఖాళీ అయ్యాక ఆ హద్దు ఇంకా కిందకి దిగుతుంది. హద్దు దాటితే గ్యాస్‌తో పాటు అసిటోన్ కూడా పైకి వస్తుంది. మంట ఊదా రంగుకి తిరుగుతుంది, రెగ్యులేటర్‌లో రబ్బరు, హోస్ దెబ్బతింటాయి. సిలిండర్‌లో అసిటోన్ తగ్గితే అసిటిలిన్‌కి రక్షణే పోతుంది. డీఏలోనే కొనసాగాలని తేల్చుకున్నా సరే, రెండో టార్చ్‌కి రెండో సిలిండర్ పెట్టండి. ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన డీఏ సిలిండర్‌ని దించగానే వాడొద్దు, నిలబెట్టి చాలాసేపు వదిలేయండి, అసిటోన్ కిందకి సర్దుకోవాలి. వాడేటప్పుడు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. అసిటిలిన్ వర్కింగ్ ప్రెజర్ ఒక కేజీ దాటనివ్వొద్దు, 15 పీఎస్‌ఐ పైన అది నమ్మదగ్గ గ్యాస్ కాదు. రాగి పైపు ముక్కతో జాయింటు వేసే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి, అసిటిలిన్ రాగితో కలిస్తే తాకిడికే పేలే పదార్థం తయారవుతుంది.

ఈ విషయంలో ఎల్‌పీజీ నయం. బ్యాక్‌ఫైర్ (మంట టప్‌మని నాజిల్ లోపలికి పోవడం) తక్కువ, ఒత్తిడికి అంత భయం లేదు. ప్లేటు వంచడానికో, బేరింగ్ ఊడదీయడానికో పెద్ద హీటింగ్ నాజిల్ పెట్టాలంటే ఒంటరి డీఏ సిలిండర్ తట్టుకోదు, అక్కడ ఎల్‌పీజీయే వాడాలి. మరీ ఎక్కువ లాగితే 19 కేజీల సిలిండర్‌కి కూడా బయట మంచు పడుతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు దానికి మంట చూపించి వేడి చేయొద్దు, రెండు సిలిండర్లు మానిఫోల్డ్‌కి (రెండింటి గ్యాస్‌నీ ఒకే లైన్లోకి కలిపే పైపుకి) కలపండి. విశాఖలో చలికాలంలోనూ ఈ సమస్య పెద్దగా రాదు. లంబసింగి వైపు జనవరిలో సైటు పని పడితే మాత్రం గుర్తుంచుకోండి. ఎల్‌పీజీలో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, తెల్లవారుజామున మంట నీరసించిపోతుంది.

ఇక ఫిషింగ్ హార్బర్ పని. ఇక్కడ నా సమాధానం మారిపోతుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. లీకైతే పైకి పోయి చెదరదు, కిందకి జారి బోటు ఇంజిన్ రూములో బిల్జిలో (బోటు అడుగు పల్లంలో) నిలబడుతుంది. అది అక్కడున్నట్టు పైన నిలబడ్డ మనిషికి వాసన కూడా తెలియకపోవచ్చు. నూటికి రెండు వంతులు గాలిలో కలిస్తే చాలు, అంటుకుంటుంది. అసిటిలిన్ గాలి కంటే కొంచెం తేలిక, ఆ పల్లపు భయం తక్కువ. కానీ రెండున్నర శాతం నుంచి ఎనభై శాతం దాకా ఎంత కలిసినా మండే గ్యాస్ అది, కాబట్టి దాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. బోటు లోపల, ట్యాంకులో, గోతిలో పని అయితే నేను ఎల్‌పీజీ పెట్టనివ్వను. సిలిండర్లు ఎప్పుడూ డెక్ మీదో జెట్టీ మీదో ఉండాలి. టీకి వెళ్లినా, భోజనానికి వెళ్లినా టార్చ్‌నీ హోస్‌నీ బయటికి లాగేయాలి. టార్చ్ వాల్వ్ కట్టేశాం కదా అని లోపల వదిలేస్తే, సన్నటి లీకు అరగంటలో ఆ గది నింపేస్తుంది. ఆక్సిజన్ లీకు కూడా అంతే ప్రమాదం. మూసిన చోట ఆక్సిజన్ పెరిగితే బట్టలు నిప్పురవ్వకే భగ్గుమంటాయి. మన ఉక్కపోతకి చెమట ఆరడానికి ఆక్సిజన్ హోస్ ఒంటి మీద ఊదుకునే కుర్రాళ్లని చూశాను. దయచేసి మీ షాపులో ఎవరినీ అలా చేయనివ్వొద్దు. డీజిల్ ట్యాంకు, మూసిన డ్రమ్ము కోయాలంటే గ్యాస్ ఫ్రీ, అంటే లోపల మండే ఆవిరి లేదని పరీక్ష చేయించాకే.

మీకు ఇంకో అవసరం ఉందేమో చూసుకోండి. గ్యాస్ వెల్డింగ్ చేస్తారా? సన్నటి షీటో, పైపో గ్యాస్‌తో వెల్డ్ చేసే పని ఉంటే ఎల్‌పీజీ పనికిరాదు. ఉక్కుని వెల్డ్ చేయడానికి కావాల్సిన మంట అసిటిలిన్‌తోనే వస్తుంది. బ్రేజింగ్‌కి (ఇత్తడి లాంటిది కరిగించి అతికే పనికి) ఎల్‌పీజీ నడుస్తుంది.

మారాలనుకుంటే ఏమేం మార్చాలి అన్నారు. మొదటిది నాజిల్. డీఏకి ఏ-టైప్, ఎల్‌పీజీకి బీ-టైప్. చేతిలో పట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది. ఏ-టైప్ ఒకే ముక్క, మూతి చదునుగా, మధ్య రంధ్రం చుట్టూ చిన్న గుండ్రటి రంధ్రాలు. బీ-టైప్ రెండు ముక్కలు, లోపలి ఇత్తడి ముక్కకి నిలువు గాట్లుంటాయి, అది బయటి తొడుగు మూతి కంటే కాస్త లోపలికి కూర్చుంటుంది. ఎల్‌పీజీ మంట నిదానం కాబట్టి నాజిల్ వదిలి ఎగిరిపోకుండా ఆ పల్లం పట్టి ఉంచుతుంది. ఏ-టైప్ నాజిల్‌తోనే ఎల్‌పీజీ వెలిగించి "వేడి లేదు" అని తేల్చేసిన వాళ్లు చాలామంది. మీ మేస్త్రి కూడా ఎక్కడో అలాంటి మంటే చూసి ఉండొచ్చు. టార్చ్ నాజిల్ మిక్స్ రకం (గ్యాసులు నాజిల్‌లోనే కలిసేది) అయితే నాజిల్ మారిస్తే సరి, ఇంజెక్టర్ రకం (టార్చ్ లోపలే కలిసేది) అయితే ఎల్‌పీజీకి పనికొస్తుందో లేదో అమ్మినవాణ్ని అడిగి తీరాలి.

రెగ్యులేటర్ వేరే కావాలి. పొయ్యి మీద పెట్టే రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి టార్చ్‌కి ఏ మూలకీ రాదు, ఒత్తిడి మార్చుకునే హై ప్రెజర్ రకం తీసుకోండి. హోస్ ఎల్‌పీజీకి తగినదే ఉండాలి. మామూలు అసిటిలిన్ హోస్ రబ్బరుని ఎల్‌పీజీ లోపల్నుంచి తినేస్తుంది, పైకి బాగానే కనిపిస్తూ ఉంటుంది. రెండు హోస్‌లకీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట హోస్‌లోకి వెనక్కి పోకుండా ఆపేవి) పెట్టించండి, ఏ గ్యాస్ అయినా సరే.

కట్టర్లకి నాలుగు రోజులు చేయి తిరగాలి. డీఏలో తెల్ల కోన్ చూసి మంట దిద్దుతారు. ఎల్‌పీజీలో ఆ కోన్ అంత స్పష్టంగా ఉండదు. ఆక్సిజన్ పెంచుతూ పోతే కోన్‌లు పొట్టివై పదునెక్కి, మంట చప్పుడు బుస్సుమని గట్టిపడుతుంది, అక్కడ ఆపాలి. లీవర్ నొక్కి చూసి మళ్లీ ఒకసారి దిద్దాలి. డీఏ అలవాటుతో టార్చ్‌ని ప్లేటుకి మరీ దగ్గరగా పెడితే ఎల్‌పీజీ వేడి తగలదు, కాస్త ఎత్తులో పట్టాలి. అలవాటయ్యాక ఒక లాభం కూడా చూస్తారు. పై అంచు అంతగా కరిగి గుండ్రబడదు, కింద చిట్టెం తేలిగ్గా ఊడుతుంది, గ్రైండింగ్ తగ్గుతుంది.

హెచ్‌పీ రేజర్, ఇండేన్ నానోకట్, భారత్ మెటల్ కటింగ్ గ్యాస్ గురించి కూడా అడిగారు. ఇవన్నీ ఎల్‌పీజీకి ఏదో ఒక మందు కలిపి కటింగ్ కోసమే అమ్ముతున్నవి. వాడి చూడొచ్చు. కానీ ఆధారం ఎల్‌పీజీయే కాబట్టి పల్లంలో చేరే గుణం, ఆక్సిజన్ ఆకలి రెండూ ఉంటాయి. డీలర్ చెప్పే పొదుపు మీ ప్లేటు మీద కనబడితేనే నమ్మండి.

ఇంటి ఎర్ర సిలిండర్ తెచ్చి కటింగ్‌కి పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే వినొద్దు. అది చట్టరీత్యా నేరం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా రాదు. 19 కేజీల కమర్షియల్ సిలిండర్లే తీసుకోండి. లైసెన్సు లేకుండా వంద కేజీల లోపే ఉంచుకోవచ్చు, అంటే నిండువి ఐదుకి మించకూడదు.

మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే ఇలా చేస్తాను. షాపులో పగ్ మెషిన్‌కీ, పొడుగు కోతలకీ, హీటింగ్‌కీ ఎల్‌పీజీ. గసెట్లు (జాయింట్లకి వేసే చిన్న బలపు ప్లేట్లు), రంధ్రాలు, తుప్పు పట్టిన పాత సామాను కోసే రెండో కట్టర్‌కి విడిగా ఒక డీఏ. హార్బర్‌కి వెళ్లేది ఆ డీఏ సెట్టే. రెండు సెట్ల హోస్‌లూ నాజిల్‌లూ కలిసిపోకుండా వేరే డబ్బాల్లో, పేరు రాసి పెట్టండి.

మొత్తం మార్చే ముందు ఒక సెట్ కొని పోల్చి చూడండి. ఒకే మందం ప్లేటు, ఒకే రకం ముక్కలు, ఒకే కట్టర్. ఆక్సిజన్ ఖర్చు గేజీ చూసి లెక్కేయొచ్చు. 150 నుంచి 100కి పడితే సిలిండర్‌లో మూడో వంతు అయినట్టు. ఎల్‌పీజీని, డీఏని మాత్రం తూకం వేయాలి, గేజీ చెప్పే మాట వాటికి పనికిరాదు. పక్కన గడియారం పెట్టి కోతకి పట్టిన టైమూ, తర్వాత గ్రైండింగ్‌కి పట్టిన టైమూ రాసుకోండి. పోలిక ఎల్‌పీజీ మొదటి రోజే పెట్టొద్దు, కట్టర్‌కి ఆ మంట అలవాటయ్యాక పెట్టండి. అంకెలు వచ్చాక ఇక్కడ రాయండి, నాజిల్ సైజూ ఆక్సిజన్ ప్రెజరూ కూడా రాస్తే ఎక్కడ తగ్గించొచ్చో చూసి చెబుతాను.